ఊరా, పట్నమా? ఆ తేదీ మనమే పెట్టుకోవాలి

(వార్షిక సమావేశంలో మన వేదిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వారంలో మనది అని చెప్పుకోవడానికి ఆదివారం ఒక్కటే. అందులోనూ సగం బట్టలు ఉతుక్కోవడానికి, వండుకోవడానికి, డబ్బు పంపే లైన్లో నిలబడడానికే పోతుంది. మిగిలిన సగం ఈ సభకు ఇచ్చారు. చాలా సంతోషం.

ప్రతి ఏడాదీ ఇక్కడ జీతాల గురించి, ప్రమాదాల గురించి, పర్మిట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వేరే సంగతి ఎత్తుకున్నాం. ఎందుకంటే మన దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్ళు ముందు ఓటీ డబ్బుల గురించి, పర్మిట్ గురించి అడుగుతారు. అంతా అయిపోయి, లేచి నిలబడ్డాక, చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అడుగుతారు. "అన్నా, ఇంక ఎన్నాళ్ళిట్ల? పోతే ఎక్కడికి పోవాలె? ఊరికా, పట్నానికా?" అసలు ప్రశ్న అదే. దానికి మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేం. కానీ ఆలోచించే దారి ఒకటి మాకు తోచింది. అది మీ ముందు పెడతాం.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. మనం ప్రపంచంలోనే పెద్ద పేరున్న పట్నంలో ఉన్నాం, కానీ పట్నంలో బతకడం లేదు. డార్మిటరీలో మంచం, లారీలో సైటు, సైటు నుంచి మళ్ళీ మంచం. ఆదివారం సెరంగూన్ రోడ్డు, టెక్కా మార్కెట్, ముస్తఫా. పదేళ్ళు ఉన్నవాడు కూడా ఈ నగరంలో ఒక బడి గేటు దాటి ఉండడు, పక్కింటివాళ్ళు అనే మాట వాడి ఉండడు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి లేదు. పర్మిట్ ఒక్కోసారి రెండేళ్ళ దాకా ఇస్తారు, కంపెనీ కావాలంటే మధ్యలోనే రద్దు చేయొచ్చు. కాబట్టి "నేను సింగపూర్‌లో ఇన్నేళ్ళు ఉన్నా, నాకు పట్నం తెలుసు" అని ఎవరైనా అంటే, తమ్ముడూ, నీకు పట్నం కట్టడం తెలుసు, పట్నంలో సంసారం చేయడం ఇంకా తెలియదు అని చెప్పాల్సి వస్తుంది.

ఈ పట్నం కూడా ఒకప్పుడు చాలావరకు ఊళ్ళే. కంపాంగ్ అంటే ఇక్కడి మాటలో పల్లె. కోళ్ళు, పందులు, కూరగాయల మళ్ళు, రేకుల ఇళ్ళు. 1960లో హెచ్‌డీబీ అనే గృహనిర్మాణ సంస్థ పెట్టి, ఆ పల్లెల వాళ్ళను ఎత్తైన ఫ్లాట్లలోకి మార్చారు. ఇప్పుడు ఈ దేశంలో పది మందిలో ఎనిమిది మంది దాకా ఆ ఫ్లాట్లలోనే ఉంటారు. ప్రధాన ద్వీపం మీద లోరోంగ్ బువాంగ్‌కాక్ అనే చిన్న పల్లె ఒక్కటే మిగిలింది. ముసలివాళ్ళను కదిలిస్తే ఇప్పటికీ తలుపులు తెరిచి ఉండే ఆ రోజుల్ని తలుచుకుంటారు. అయినా పట్నంలో నిలబడ్డారు. ఎందుకు నిలబడగలిగారు? ఇల్లు వచ్చింది, 99 ఏళ్ళ లీజు మీద. జీతంలో కొంత కోసి, యజమాని కొంత కలిపి, సీపీఎఫ్ ఖాతాలో వేశారు. 1968 నుంచి ఆ డబ్బుతోనే ఫ్లాటు కొనుక్కోనిచ్చారు. ఇంటి దగ్గరే బడి, ఆస్పత్రి, మార్కెట్ వచ్చాయి.

ఆ సీపీఎఫ్ ఈ దేశ పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రమే. మనకు లేదు. అంటే మన ముసలితనం కోసం ఎవరూ ఏమీ కోసిపెట్టడం లేదు. ఈ సంగతి గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పల్లె నుంచి పట్నానికి మారడం అంటే బస్సెక్కి దిగడం కాదు కదా. ఇల్లు, నెల నెలా ఆదాయం, బడి, వైద్యం ఈ నాలుగూ కుదిరితేనే అది బతుకు. పట్నం నుంచి పల్లెకు తిరిగిపోయేటప్పుడు కూడా ఇదే లెక్క.

ఇక మన మాటల్లో రెండు పాటలు వినపడుతుంటాయి. ఒకటి, ఊరంత సుఖం లేదు, కలో గంజో తాగి మన ఊళ్ళోనే ఉండాలి అని. ఇది ఎక్కువగా రాత్రి పూట, అలిసిపోయినప్పుడు వస్తుంది. రెండోది, ఊళ్ళో ఏముంది మట్టి తప్ప, పిల్లలు బాగుపడాలంటే హైదరాబాదే అని. ఇది పిల్లల స్కూలు ఫీజు కట్టినప్పుడు వస్తుంది. రెండింట్లోనూ నిజం ఉంది, రెండింట్లోనూ సగమే ఉంది.

ఊరు అందరికీ ఒకటి కాదు. ఊరు ఉంది, ఊరి బయట వాడ ఉంది. ఊరు నడిమధ్యలో నాలుగెకరాలున్న అన్నకు ఊరు అంటే చెరువు, చేను, జాతర, చుట్టాలు. వాడ నుంచి వచ్చిన తమ్ముడికి అదే ఊరు అంటే ఎవరి ముందు కూర్చోవచ్చో, ఎవరి ముందు కూర్చోకూడదో నేర్పిన చోటు. గాంధీ గారు దేశం భవిష్యత్తును ఊళ్ళో చూశారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ గారు, ఊరినే పునాదిగా పెట్టుకోవాలన్న వాదాన్ని గట్టిగా తోసిపుచ్చారు. ఇద్దరూ తమకు తెలిసిన ఊరి గురించే మాట్లాడారు. కాబట్టి మన గదిలో ఒకడు "నేను ఊరికి పోను" అంటే, వాడికి మట్టి మీద ప్రేమ లేదని తేల్చేయొద్దు. ఇంకొకడు "నాకు ఊరే కావాలి" అంటే, వాడికి తెలివి లేదనీ అనొద్దు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఊరా పట్నమా అనేది తిరిగి వెళ్ళే రోజున తేలుతుందని మనం అనుకుంటాం. నిజానికి ప్రతి నెలా డబ్బు పంపే లైన్లోనే అది తేలిపోతుంటుంది. ఊళ్ళో స్లాబు వేసిన రోజున ఊరిని ఎంచుకున్నట్టు. పట్నం శివార్లలో ప్లాటుకు బయానా ఇచ్చిన రోజున పట్నాన్ని ఎంచుకున్నట్టు. రెండూ సగం సగం చేసినవాడు దేన్నీ ఎంచుకోలేదు, రెండు చోట్లా అప్పు చేశాడు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు మీ ఇంటివి కావు, లెక్క కోసం అనుకున్నవి. నెలకు 500 డాలర్లు పంపే తమ్ముడు ఉన్నాడనుకోండి. డాలరుకు 65 రూపాయలు అనుకుందాం. నెలకు 32,500 రూపాయలు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు కలిపి 15,000 పోతే మిగిలేది 17,500. ఊళ్ళో 30 లక్షల ఇల్లు మొదలుపెట్టాడు. ఎన్ని నెలలు? 171 నెలలు. అంటే 14 ఏళ్ళ పైన. ఇక్కడికి రావడానికి చేసిన అప్పు, దాని వడ్డీ, రానుపోను టికెట్లు, చెల్లెలి పెళ్ళి ఇందులో కలపలేదు. అదే తమ్ముడు 12 లక్షల్లో రెండు గదుల ఇల్లు కట్టుకుంటే 69 నెలలు, అంటే 5 ఏళ్ళ 9 నెలలు. ఈ రెండు ఇళ్ళ మధ్య తేడా 18 లక్షలని అందరూ అంటారు. మేము అలా చెప్పం. తేడా ఎనిమిదిన్నర ఏళ్ళు. పిల్లవాడు ఒకటో తరగతిలో ఉంటే తొమ్మిదికి వచ్చేస్తాడు.

రెండంతస్తులు కట్టొద్దు అనడం లేదు. ఎవరి కోసం కడుతున్నామో ఒకసారి అడుగుదాం. అందులో ఉండేవాళ్ళ కోసమా, దారిన పోతూ చూసేవాళ్ళ కోసమా? మన జిల్లాల్లో ఏ ఊరికి పోయినా గేటుకు తాళం వేసిన ఇళ్ళు కనబడుతున్నాయి. గ్రానైటు వేశారు, బాల్కనీకి స్టీలు రెయిలింగ్ పెట్టారు. లోపల ముసలి తల్లిదండ్రులు ఒక గదిలో ఉంటారు, లేదా ఎవరూ ఉండరు. ఇంటాయన సింగపూర్‌లోనో దుబాయిలోనో ఉంటాడు. ఇంటావిడ పిల్లల చదువు కోసం టౌన్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటుంది. అంటే సొంత ఇంటికి తాళం, అద్దె ఇంట్లో సంసారం. ఆ కుటుంబం ఇప్పటికే టౌన్‌ను ఎంచుకుంది. ఆయనకే ఇంకా తెలియదు.

అందుకే ఈ విషయంలో మొదట మాట్లాడాల్సింది ఇంటావిడతో. ఇక్కడ మనం పదేళ్ళుగా పని తప్ప ఏమీ చూడలేదు. అక్కడ ఆమె పదేళ్ళుగా బ్యాంకుకు పోయింది, ఆస్పత్రికి పోయింది, బడిలో టీచరుతో మాట్లాడింది, కరెంటు పోతే లైన్‌మన్‌ను పిలిపించుకుంది. ఊళ్ళో ఏ కష్టం ఉందో, టౌన్‌లో ఏ ఖర్చు ఉందో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. అత్తమామల దగ్గర ఊళ్ళో ఉండడం ఆమెకు ఎలా ఉందో ఫోన్‌లో చెప్పి ఉండదు, మనం అడిగి ఉండం. వీడియో కాల్‌లో "తిన్నావా, పిల్లలు పడుకున్నారా" దగ్గర ఆపేయకుండా, "మనం ఎక్కడ ఉందాం?" అని అడగండి. ఆమె జవాబు వినడానికి మూడు నాలుగు ఆదివారాలు పట్టవచ్చు. పట్టనివ్వండి.

ఊరు, హైదరాబాదు తప్ప మూడో చోటు లేదా అంటే, ఉంది. పది పదిహేనేళ్ళ కింద ఇంత బలంగా చెప్పగలిగేవాళ్ళం కాదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33 అయ్యాయి. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్, పెద్దపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పార్వతీపురం, అమలాపురం, భీమవరం, బాపట్ల జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరాఫీసు వచ్చింది, దాని వెనక ఉద్యోగులు, వాళ్ళ వెనక ఇళ్ళు, బళ్ళు, షాపులు వచ్చాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్‌లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మన ఊరి నుంచి ఆర్టీసీ బస్సులో గంట లోపల చేరే చోట్లు ఇవి. పొద్దున చేను చూసి, పది గంటలకు షాపు తెరవచ్చు. అమ్మానాన్నలకు బాగా లేకపోతే రాత్రికి రాత్రి ఊరికి పోవచ్చు.

పని సంగతి కూడా ఇక్కడే చూడాలి. తిరిగిపోయినవాళ్ళలో ఎక్కువమంది దెబ్బ తినేది ఇంటి దగ్గర కాదు, పని దగ్గర. ఇరవై అయిదేళ్ళప్పుడు వదిలిన వ్యవసాయం నలభై అయిదేళ్ళప్పుడు అలాగే ఉండదు. నాట్లకు మనుషులు దొరకరు, కోతకు మిషన్ రావాలి, నడుము మునుపటిలా వంగదు. అయిదెకరాల లోపు వరి మీద మాత్రమే ఆధారపడి పట్నం స్థాయి ఫీజులు కట్టాలంటే కుదరదు. ఇటు మన చేతుల్లో ఉన్న పని ఏమిటి? వెల్డింగ్, పైపింగ్, ఏసీ, ఎలక్ట్రికల్, సెంట్రింగ్, ఇనుము కట్టడం, స్కాఫోల్డింగ్, సేఫ్టీ. ఈ పని ఊళ్ళో ఏడాదికి నాలుగు ఇళ్ళకు దొరుకుతుంది. జిల్లా కేంద్రంలో నెల నెలా దొరుకుతుంది. హైదరాబాదు, విశాఖలో రోజూ దొరుకుతుంది, కానీ అద్దె కూడా అక్కడ అలాగే ఉంటుంది. మీ సర్టిఫికెట్లు, కోర్సు కార్డులు అన్నీ ఫొటో తీసి దాచుకోండి. అక్కడి మేస్త్రీ కార్డు చూడకపోవచ్చు, కానీ ఈ పని చేశానని చెప్పడానికి మీ దగ్గర ఉండే కాగితం అదే.

భూమి గురించి ఒక హెచ్చరిక. మనలో చాలామందికి తెలియని చట్టం ఒకటుంది. విదేశంలో ఉద్యోగం మీద ఉంటున్న భారత పౌరుడు ఫెమా చట్టం ప్రకారం ప్రవాసి కిందికి వస్తాడు. అతను తన పేరు మీద వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనడానికి లేదు. తాతతండ్రుల నుంచి వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. విదేశానికి రాకముందు కొన్నది ఉంచుకోవచ్చు. ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం కొనవచ్చు. ఊళ్ళో ఉంటున్న భార్యకు ఈ నిషేధం లేదు. కానీ ఆమె పేరు మీద కొన్నది ఆమెది అని మనసులో ఒప్పుకుని కొనండి. అన్న పేరు మీద, బావమరిది పేరు మీద కొని, తర్వాత పంచాయితీలు పెట్టుకున్న ఇళ్ళు మనకు తెలుసు. కొనేముందు ఒక వకీలును అడగండి.

పట్నం శివార్లలో వెంచర్ల సంగతి కూడా అంతే. బ్రోకరు ఆదివారం పూట ఫోన్ చేస్తాడు, "అన్నా, రేపటికి రేటు పెరుగుతది" అంటాడు. రేపటికి పెరిగేది ఏదైనా ఎల్లుండికి కూడా ఉంటుంది. లేఅవుట్‌కు అనుమతి ఉందా, రెరాలో నమోదు అయిందా, ఈసీ తీయించారా, ఈ మూడూ చూడకుండా బయానా పంపొద్దు. సంతకం కోసం పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే, ఏ పనికి ఇస్తున్నామో ఆ ఒక్క పనికే రాయించి, ఇక్కడి మన హైకమిషన్‌లో అటెస్ట్ చేయించండి. అన్ని అధికారాలూ ఒక్క కాగితం మీద ఎవరికీ రాసివ్వొద్దు, సొంత తమ్ముడైనా సరే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. ఇన్నాళ్ళూ మన కోసం ఈ దేశపు నిబంధనే ఒక తేదీ పెట్టేది. వర్క్ పర్మిట్ మీద ఇన్నేళ్ళకు మించి పనిచేయడానికి లేదని గరిష్ఠ కాలం ఉండేది. దేశాన్ని, నైపుణ్యాన్ని బట్టి 14 నుంచి 26 ఏళ్ళు. 2025 జులై 1 నుంచి ఆ గరిష్ఠ కాలాన్ని తీసేశారు. వయసు పరిమితిని కూడా 60 నుంచి 63కు పెంచారు. ఇది మంచి వార్తే, ఇంకా చేయగలిగినవాడికి పని దొరుకుతుంది. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మునుపు "ఇంకో నాలుగేళ్ళకు ఎలాగూ పంపించేస్తారు" అని ఇంటి దగ్గర ఏదో ఒకటి సిద్ధం చేసుకునేవాళ్ళం. ఇప్పుడు "ఇంకొక్క రెండేళ్ళు" అనే మాటకు అడ్డు లేదు. ఆ మాట ఆరుసార్లు అంటే పన్నెండేళ్ళు.

మనం తేదీ పెట్టుకోకపోతే వేరే ఎవరో పెడతారు. మన తాతల కాలంలో కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ పోయేవాళ్ళు. రంగం పోయాడు అనేవాళ్ళు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగొచ్చారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. వాళ్ళ తేదీని యుద్ధం పెట్టింది. 2020 ఏప్రిల్‌లో మన డార్మిటరీల గేట్లు మూసినప్పుడు, నెలల తరబడి గదుల్లో ఉన్నప్పుడు, మనలో ఎంతమంది "ఒక్క విమానం దొరికితే చాలు, ఊరికి పోయి మళ్ళీ రాను" అనుకున్నారో మీకు గుర్తుంది. వందే భారత్ విమానాల్లో పోయినవాళ్ళలో మనకు తెలిసిన కొందరు ఏడాది రెండేళ్ళలో మళ్ళీ వచ్చారు. వాళ్ళు మాట తప్పినవాళ్ళు కారు. అక్కడ ఇల్లు ఉంది, పని లేదు. భయపడి పోయినప్పుడు పనిని సిద్ధం చేసుకుని పోలేం కదా.

అందుకని మేము మీకు ఊరే పొమ్మని చెప్పం, పట్నమే పొమ్మనీ చెప్పం. ఈ నెలలో ఒక పని చేయమని మాత్రం అడుగుతాం. ఒక నోటుబుక్కు తీసుకుని నాలుగు సంగతులు రాయండి. మొదటిది, మనం ఏ ఏడాది, ఏ నెలలో తిరిగిపోతాం. రెండోది, ఆ రోజున పిల్లలు ఏ తరగతిలో ఉంటారు, అమ్మానాన్నల వయసెంత, వాళ్ళు ఎక్కడ ఉంటారు. మూడోది, పోయిన మరుసటి నెల ఇంట్లోకి ఎంత వస్తుంది, ఏ పని మీద వస్తుంది, ఎంత పోతుంది. నాలుగోది, ఇప్పుడు పంపుతున్న డబ్బు ఏ చోటికి పోతోంది, అది మొదటి మూడింటికి పనికొస్తుందా. ఇంటావిడతో అదే నాలుగు విడిగా రాయమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండు కాగితాల్లో చోటు పేరు ఒకటే ఉంటే మీకు మా సలహా అక్కర్లేదు. వేరువేరుగా ఉంటే, స్లాబుకు ఇంకో విడత పంపేముందు ఆగి మాట్లాడుకోండి.

తేదీ మారవచ్చు. జబ్బు చేయవచ్చు, కంపెనీ మూతపడవచ్చు, మంచి జీతం రావచ్చు. మారితే కొట్టేసి కొత్తది రాయండి. రాసి ఉన్న తేదీని మార్చుకోవడం సులువు. రాయని తేదీ గురించి ఇంట్లో ఎవరూ అడగలేరు, మనమూ చెప్పలేం.

లెక్కలు రాయడం రాని తమ్ముళ్ళు మొహమాట పడొద్దు. వచ్చే నాలుగు ఆదివారాలు మన వాలంటీర్లు సాయంత్రం కూర్చుంటారు. జీతం స్లిప్పులు, అప్పు కాగితాలు, ప్లాటు కాగితాలు ఏవి ఉంటే అవి తెచ్చుకోండి. మీ లెక్క మీ దగ్గరే ఉంటుంది, బయటికి పోదు. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకు ఆదివారం కుదరకపోతే ఫోన్‌లోనే కూర్చుని రాద్దాం. వాళ్ళలో చాలామంది ఇంటికి ఒక్కరే ఆధారం. ఎక్కడ ఉండాలనే మాట వాళ్ళ చేతుల మీద వచ్చిన డబ్బుతో వాళ్ళను అడగకుండా తేలిపోకూడదు.

కింద భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. పక్కన కూర్చున్నవాడిది ఏ ఊరో అడిగి, ఎప్పుడు పోదామనుకుంటున్నాడో కూడా అడగండి.